బాలింత బీపీ చూసేదెవరు?

ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన తల్లీబిడ్డల్ని చూడటానికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు గడప తొక్కుతుంది. బిడ్డను తూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది. తల్లి గుండెకు ముప్పు ముంచుకొచ్చేదీ ఆ రోజుల్లోనే. మరో పది నిమిషాలు కూర్చుంటే ఆ ముప్పును అక్కడే పసిగట్టొచ్చు. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం లాంటి సరిహద్దు ఊళ్లకు ఆ పది నిమిషాలు ఎంత విలువైనవో చెప్పే కథనమిది.

ఆశా కార్యకర్త గుమ్మం ముందు చెప్పులు విడుస్తుంది. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకుంటుంది. బిడ్డను జోలెలో పడుకోబెట్టి త్రాసుకు తగిలించి, ముల్లు కదలకుండా ఆగాక అంకె రాసుకుంటుంది. చంకలో థర్మామీటర్ పెడుతుంది. గడియారం చూస్తూ నిమిషం పాటు పొట్ట ఎగసిపడటాన్ని లెక్కపెడుతుంది. అరవై, ఆపైన వస్తే ప్రమాదం. బొడ్డు దగ్గర చీముందా, కళ్లకు పుసి కట్టిందా, ఒళ్లు పచ్చబడిందా, పాలు గట్టిగా తాగుతోందా అన్నీ చూస్తుంది.

తర్వాత తల్లి వంతు. జ్వరం ఉందా? మైల దుర్వాసన వస్తోందా? రక్తం ఎక్కువగా పోతోందా? పొంతన లేకుండా మాట్లాడుతోందా, ఫిట్స్ వచ్చాయా? పాలు పడ్డాయా, చనుమొనలు పగిలాయా? ఇవి అడిగి, కాగితం నింపి, సంచి సర్దుకుని మరో ఇంటికి బయలుదేరుతుంది.

3, 7, 14, 21, 28, 42. ఆసుపత్రి కాన్పయితే ఇంటికి రావాల్సిన రోజులివి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. 2011 నుంచి దేశమంతటా అమల్లో ఉన్న 'ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ' పథకం పెట్టిన లెక్క ఇది. ఇంత క్రమంగా, ఇంత దగ్గరగా, పిలవకుండానే ఇంటికొచ్చే వైద్య సేవ మన పల్లెల్లో మరొకటి లేదు. పేరులోనే ఉన్నట్టు దాని చూపంతా శిశువు మీదే. తల్లి గుండె గురించి ఆ కాగితంలో అడిగేది తక్కువ. చేతికి పట్టీ కట్టి బీపీ చూసే పని అందులో లేదు.

కాన్పుతో గుండె పని తగ్గదు

బిడ్డ బయటికొచ్చేసింది కాబట్టి తల్లి ఒంటికి భారం దిగిపోయిందనుకుంటాం. గుండె సంగతి వేరు. గర్భిణి ఒంట్లో నెత్తురు పరిమాణం మామూలు కంటే 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. గుండె నిమిషానికి తోడిపోసే రక్తం కూడా అదే తీరులో 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. కాన్పయిన వెంటనే గర్భసంచి ముడుచుకుని, అక్కడున్న నెత్తురంతా ఒక్కసారిగా గుండె వైపు మళ్లుతుంది. తొమ్మిది నెలలు కాళ్లలో, చర్మం కింద చేరిన నీరు ఆ తర్వాతి రోజుల్లో నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది. అందుకే బాలింతల్లో బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య పతాక స్థాయికి చేరుతుంది.

మామూలు కాన్పయిన తల్లి రెండు మూడు రోజుల్లో ఇంటికొచ్చేస్తుంది. అంటే బీపీ పెరిగే సమయానికి చుట్టూ నర్సు ఉండదు, డాక్టరు ఉండరు. గర్భంలో బీపీ ఉన్న తల్లికే ఈ భయం అనుకోవద్దు. తొమ్మిది నెలలూ 110/70 చూపించిన తల్లికి కూడా కాన్పయ్యాక బీపీ పెరిగి గుర్రపువాతం (ప్రీఎక్లాంప్సియా) రావచ్చు. తలనొప్పితో మొదలై, కళ్లు మసకబారి, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. మెదడులో రక్తనాళం చిట్లొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ప్రసూతి మరణాల్లో 27 శాతం రక్తస్రావం వల్ల, 16 శాతం గర్భంతో ముడిపడిన అధిక రక్తపోటు వల్ల సంభవిస్తున్నాయి. రక్తస్రావం కంటికి కనిపిస్తుంది. బీపీ కొలిస్తే తప్ప కనిపించదు.

గుండెకు నేరుగా వచ్చే జబ్బులు మరో రెండున్నాయి. మొదటిది కాన్పుకు ముందు చివరి నెలలోగానీ, కాన్పయ్యాక ఐదు నెలల్లోగానీ గుండె కండరం ఉన్నట్టుండి బలహీనపడటం. పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటారు. అంతవరకూ గుండె జబ్బంటే ఏమిటో తెలియని ఆడపిల్లకు వస్తుంది. తొందరగా గుర్తించి మందులు మొదలుపెడితే ఎక్కువ మంది కోలుకుంటారు. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది.

రెండోది చిన్నప్పటి గొంతునొప్పి మిగిల్చిపోయే రుమాటిక్ గుండె జబ్బు. ఇరుకు ఇళ్లలో పెరిగిన పిల్లల్లో గొంతు ఇన్‌ఫెక్షన్‌కు సరైన మందు పడకపోతే కీళ్లవాతం వస్తుంది. అది తగ్గినా గుండె కవాటాన్ని బిగుసుకుపోయేలా చేసి పోతుంది. ఇరుకైన ఆ కవాటం ఇరవై ఏళ్ల పిల్లను మామూలుగా నడవనిస్తుంది, పొలం పని చేయనిస్తుంది. గర్భంలో పెరిగిన నెత్తురు దాని గుండా పోవాల్సొచ్చేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చాలామంది ఆడపిల్లలకు తమ గుండెలో లోపం ఉందని మొదటి కాన్పు దాకా తెలియదు.

'పచ్చి బాలింతకు ఆయాసం ఉండదేటి?'

ఈ జబ్బులన్నింటికీ ఒక చెడ్డ లక్షణం ఉంది. వాటి గుర్తులన్నీ బాలింతకు మామూలే అనిపిస్తాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కాళ్లకు నీరు. రాత్రి నిద్రపట్టకపోవడం. గుండె దడ. నీరసం. తలనొప్పి. వీటిలో ఏది చెప్పినా ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. 'పచ్చి బాలింతకు ఆయాసం ఉండదేటి?', 'నీరు పట్టింది, పథ్యం సరిగ్గా చేస్తే లాగేస్తాది', 'రేత్రల్లా పిల్ల ఏడిస్తే తలనొప్పి రాదా?' ఈ మాటల్లో ప్రేమ ఉంది, తమ కాన్పుల అనుభవం ఉంది. ఆ అనుభవం పదిమందిలో తొమ్మిది మంది విషయంలో నిజమే అవుతుంది. పదో తల్లిని ఎవరు గుర్తుపట్టాలన్నదే ప్రశ్న.

ఇంటికొచ్చిన మనిషి కూర్చుని అడిగితే గుర్తుపట్టొచ్చు. ఆసుపత్రి వరసలో నిలబడి చెప్పలేని సంగతులు ఇంట్లో కళ్లెదుటే ఉంటాయి. తలకింద ఎన్ని దిళ్లున్నాయి? పక్కమీద పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే తెల్లారుతోందా? అర్ధరాత్రి దగ్గొచ్చి లేచి కూర్చుంటోందా? నుయ్యి దాకా నడిచి రాగలుగుతోందా? ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట అలాగే నిలుస్తోందా? కాళ్ల వాపు కాన్పయ్యాక రోజురోజుకీ తగ్గుతోందా, పెరుగుతోందా? ఐదు ప్రశ్నలు, ఒక వేలి పరీక్ష. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, తర్ఫీదు చాలు.

ఇక బీపీ. బాలింత పాలిచ్చి, బిడ్డను పక్కన పడుకోబెట్టాక చూడాలి. గోడకు వీపు ఆనించి, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయకుండా, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. జాకెట్ చేయి బిగుతుగా ఉంటే వదులు చేసుకోవాలి. పట్టీ కట్టిన చేయి గుండె ఎత్తులో ఏ దిండు మీదో ఆనాలి. 140/90 లేదా ఆపైన ఉంటే డాక్టరుకు చూపించాలి. 160/110 తాకితే ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాలిచ్చే తల్లులు నిశ్చింతగా వాడదగ్గ నిఫెడిపిన్, లాబెటలాల్, ఎనలాప్రిల్ లాంటి మందులున్నాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో వెలువడిన 'మాగ్‌పై' అధ్యయనం తేల్చింది. మందు ఉంది, వైద్యం ఉంది. ఇంట్లో ఉన్న తల్లికి అవసరం పడిందని సకాలంలో తెలియడమే మిగిలింది.

సంచిలో త్రాసుంది, బీపీ యంత్రం లేదు

గర్భిణిగా ఉన్నంతకాలం తల్లికి పరీక్షలు బాగానే జరుగుతాయి. ఏఎన్‌ఎం చూస్తుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరు చూస్తారు. కాన్పుకు తీసుకెళ్లడానికి 108 వస్తుంది, ఇంటికి దించడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు 2019-21 నమూనా నమోదు లెక్కల్లో దేశంలో 93 ఉంటే మన రాష్ట్రంలో 46. మంత్రసాని చేతిలో ప్రాణాలు పెట్టుకున్న రోజుల నుంచి ఇంత దూరం రావడం వెనక వేలమంది ఏఎన్‌ఎంల, ఆశాల కాళ్లరిగిన కష్టం ఉంది.

కాన్పయ్యాక మాత్రం చూపు బిడ్డ మీదకు మళ్లుతుంది. కేంద్ర మార్గదర్శకాలు చెప్పిన ఆశా సంచిలో త్రాసు, థర్మామీటర్, గడియారం, బిడ్డకు చుట్టే దుప్పటి ఉంటాయి. అన్నీ శిశువుకు కావాల్సినవే. గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం దగ్గర, మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త (ఎంఎల్‌హెచ్‌పీ) దగ్గర బీపీ యంత్రం ఉంటుంది. కానీ పురుడు వెళ్లేదాకా గడప దాటకూడదన్న ఆచారం ఉన్న ఇంట్లో బాలింత అక్కడిదాకా ఎలా వెళ్తుంది? కోత కాన్పయితే మరీ కష్టం. అదే సర్వే లెక్కన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే.

ఇదే కార్యక్రమానికి కొనసాగింపుగా 2018 నుంచి మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల, ఏడాది, పదిహేనో నెలల్లో కూడా ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలి. అదీ బిడ్డ ఎదుగుదల కోసమే. గుండె కండరం బలహీనపడే ప్రమాదం ఐదో నెల దాకా ఉంటుందని చెప్పుకున్నాం. మూడో నెల సందర్శన సరిగ్గా ఆ గడువులోనే పడుతుంది. కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు, కొత్త పథకం పేరూ అక్కర్లేదు. నడిచే దారి ఉంది, నడిచే మనిషీ ఉంది. ఆమె సంచిలో మరో పరికరం, కాగితంలో మరో నాలుగు గళ్లు చేరాలి.

గడ్చిరోలి నుంచి మెంఫిస్ దాకా

పెద్దగా చదువుకోని పల్లెటూరి ఆడవాళ్లు వైద్యం చేయగలరా అన్న సందేహాన్ని మహారాష్ట్ర గిరిజన జిల్లా గడ్చిరోలి ఎప్పుడో తీర్చేసింది. వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ అక్కడి ఊళ్లలో మహిళలకు తర్ఫీదిచ్చి నవజాత శిశువుల ఇళ్లకు పంపారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. మన ఆశా కార్యకర్త నేడు తిరుగుతున్న ఆరు సందర్శనల పద్ధతికి పునాది అదే.

తల్లి ఆరోగ్యానికి ఇంటి సందర్శన ఎలా మేలు చేస్తుందో అమెరికాలోని మెంఫిస్ నగరం చూపించింది. అక్కడ పేద గర్భిణుల ఇళ్లకు నర్సులు వెళ్లి, బిడ్డకు రెండేళ్లు నిండేదాకా తోడున్నారు. ఆ ఇళ్ల తల్లుల్లో గర్భంతో వచ్చే బీపీ 20 శాతం నుంచి 13 శాతానికి తగ్గిందని 1997లో ప్రకటించారు. రెండు దశాబ్దాల తర్వాత మళ్లీ ఆ తల్లుల వివరాలు చూస్తే, నర్సులు వెళ్లిన వారిలో మరణాలు తక్కువగా ఉన్నాయి. ఒక మనిషి ఇంటికొచ్చి పలకరించడం, తిండీ నిద్రా అడగడం, అవసరమైనప్పుడు డాక్టరు దగ్గరకు పంపడం చాలా ఏళ్ల దాకా పనిచేసే మందని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మరో అడుగు వేశారు. గర్భంలో బీపీ వచ్చిన తల్లులకు యంత్రాలిచ్చి, కాన్పయ్యాక ఇంట్లోనే రోజూ కొలుచుకోమన్నారు. ఆ అంకెల్ని బట్టి డాక్టర్లు మందు మోతాదు మార్చారు. బిడ్డకు ఎనిమిది తొమ్మిది నెలలొచ్చేసరికి, మామూలు వైద్యం అందిన తల్లుల కంటే వీరి బీపీ పైఅంకె ఆరు పాయింట్లకు పైగా, కింది అంకె ఆరు పాయింట్ల దాకా తక్కువగా నిలిచింది. 2023లో ఈ ఫలితాలు వచ్చాయి. కాన్పయిన తొలి వారాల్లో బీపీని అదుపులో పెడితే ఆ మేలు నెలల తరబడి ఉంటుందన్నమాట.

మన దగ్గరా ప్రయత్నాలు జరిగాయి. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ నడిపిన అధ్యయనంలో ఆశా కార్యకర్తలే నలభై ఏళ్లు దాటినవారి బీపీ చూసి ట్యాబ్‌లో నమోదు చేశారు. యంత్రం వాడటం, అంకె చదవడం, ప్రమాదంలో ఉన్నవారిని డాక్టరు దగ్గరకు పంపడం వాళ్లు చేయగలరని రుజువైంది. అయితే 2019లో వెలువడిన ఫలితాల్లో బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్య చెప్పుకోదగ్గంత పెరగలేదు. కర్ణాటకలోనూ ఆశాలు గర్భిణుల, బాలింతల ఇళ్లకు వెళ్లి బీపీ చూసిన 'క్లిప్' అధ్యయనం మొత్తంమీద మరణాల్ని తగ్గించలేకపోయింది. ఎక్కువసార్లు సందర్శన అందిన తల్లుల్లో మాత్రం మేలు కనిపించింది.

ఈ రెండు అనుభవాల్నీ దాచిపెట్టకుండా చదువుకోవాలి. కొలవడం మొదటి మెట్టే. కొలిచాక పంపిన చోట డాక్టరుండాలి, మందుండాలి, మందు మొదలయ్యాక మళ్లీ ఇంటికొచ్చి చూసే మనిషుండాలి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కలిసి తర్వాత రూపొందించిన 'స్మార్ట్‌హెల్త్ ప్రెగ్నెన్సీ' కార్యక్రమం తెలుగు పల్లెల్లోనూ హర్యానాలోనూ ఆ దారినే వెళ్తోంది. బీపీ, రక్తహీనత, గర్భంలో వచ్చే మధుమేహం ఉన్న తల్లుల్ని గర్భంలోనూ కాన్పయ్యాకా ఆశాల ద్వారా గుర్తించి, ముందుముందు గుండె జబ్బు రాకుండా చూడటమే దాని ఉద్దేశం.

పుట్టిల్లు, అత్తారిల్లు, మధ్యలో సరిహద్దు

పాతపట్నంలో ఈ పనికి ప్రత్యేకమైన చిక్కొకటుంది. మహేంద్రతనయ నది ఒడ్డున, నీలమణి దుర్గమ్మ గుడి నీడన ఉన్న ఈ ఊరికి ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి పక్కనే. సంత అటూ ఇటూ ఒకటే, చుట్టరికాలు అటూ ఇటూ ఉన్నాయి. ఇక్కడి పిల్లనిచ్చింది అక్కడ, అక్కడి కోడలొచ్చింది ఇక్కడ. రోగమొస్తే దగ్గరున్న ఆసుపత్రికి వెళ్తారు, ఏ రాష్ట్రమని చూసుకోరు.

తొలిచూలు కాన్పు పుట్టింట్లో జరగడం మన సంప్రదాయం. అత్తారింటి ఊళ్లో ఆరేడు నెలలు పరీక్షలు చేయించుకున్న పిల్ల సీమంతమయ్యాక పుట్టింటికి వస్తుంది. ఆమె బీపీ ఏ నెలలో ఎంతుందో తెలిసిన ఏఎన్‌ఎం ఒక చోట, కాన్పు చేసిన డాక్టరు మరో చోట, ఇంటికొచ్చే ఆశా కార్యకర్త ఇంకో చోట. మూడో నెలలో బిడ్డనెత్తుకుని మళ్లీ అత్తారింటికి. అక్కడి ఆశాకు ఈ తల్లికి గుర్రపువాతం వచ్చి తగ్గిన సంగతి తెలియదు. రెండు ఊళ్లూ ఒకే మండలంలో ఉంటేనే కబురు సరిగ్గా అందదు. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంటే చెప్పేదేముంది? ఇక పనుల కోసం హైదరాబాద్, విశాఖ, చెన్నై వెళ్లే కుటుంబాలు ఉత్తరాంధ్రలో లెక్కలేనన్ని. బిడ్డకు నాలుగో నెల రాగానే భర్త ఉన్న చోటికి రైలెక్కే తల్లి ఏ జాబితాలోనూ కనిపించదు.

దీనికి చేతిలో ఉన్న మందు తల్లీబిడ్డల రక్షణ కార్డు. అది అటూ ఇటూ చెల్లుతుంది, తల్లి వెంటే వెళ్తుంది. గర్భంలో బీపీ వచ్చిందని, షుగర్ వచ్చిందని, రక్తం ఏడు గ్రాముల కంటే తగ్గిందని ఆ కార్డు మీద ఎర్ర సిరాతో పెద్దక్షరాలతో రాస్తే ఏ ఊరి కార్యకర్తయినా చదువుకుంటుంది. పుట్టింటి ఊరి ఆశా అత్తారింటి ఊరి ఆశాకు ఒక ఫోన్ చేసి 'మీ ఊరి కోడలు వస్తోంది, బీపీ చూస్తూ ఉండమ్మా' అని చెబితే సరిహద్దు అడ్డురాదు.

మెళియాపుట్టి, పాతపట్నం మండలాల కొండవాలు ఊళ్లలో సవర గిరిజనులు ఉంటున్నారు. వానాకాలంలో అక్కడి దారులు ఎలా ఉంటాయో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. గర్భిణిని నొప్పులొచ్చాక డోలీ కట్టి మోసుకురావడం కంటే ముందే తీసుకొచ్చి ఉంచడం మేలని 2018లో అప్పటి విజయనగరం జిల్లా సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం మొదలుపెట్టింది. మంచి ఫలితమిచ్చిన ఆలోచన అది. అలాంటి గృహంలో కాన్పయ్యాక కూడా మరో వారం ఉండనిస్తే బీపీ పెరిగే ఆ మూడు నాలుగు రోజులూ తల్లి నర్సు కళ్లముందే ఉంటుంది.

ముప్పై ఏళ్లు నిండేదాకా ఆగాలా?

ఊళ్లో బీపీ, షుగర్ పరీక్షలు ఇప్పుడు ఇంటింటికీ వచ్చాయి. జాతీయ కార్యక్రమం కింద అవి ప్రధానంగా ముప్పై ఏళ్లు నిండినవారికి. మన పిల్లలకు కాన్పులు అంతకు ఎంతో ముందే అవుతున్నాయి. 20-24 ఏళ్ల వయసు ఆడపిల్లల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ లెక్క. ఇరవై ఏళ్లకు తొలి కాన్పు, ఇరవై రెండుకు రెండోది, ఆ వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆసుపత్రితో ఆ పిల్లకు సంబంధం అక్కడితో తెగిపోతుంది. మళ్లీ ముప్పై దాటాకే ఎవరైనా ఆమె బీపీ చూస్తారు. ఆ పదేళ్లూ ఆమె గుండె ఎవరి లెక్కలోనూ లేదు.

గర్భం గుండెకు పెట్టే పరీక్షలాంటిది. ఆ పరీక్షలో తడబడిన తల్లిని వదిలేయకూడదు. గుర్రపువాతం వచ్చిన తల్లికి తర్వాతి జీవితంలో గుండె జబ్బు, పక్షవాతం వచ్చే ముప్పు మిగతావారి కంటే సుమారు రెండింతలు, గుండె విఫలమయ్యే ముప్పు నాలుగింతలు ఉంటుందని 2017లో లక్షలాది తల్లుల వివరాలు కూర్చిన విశ్లేషణ తేల్చింది. గర్భంలో షుగర్ వచ్చి కాన్పుతో పోయిన తల్లికి కూడా గుండె జబ్బు ముప్పు రెట్టింపు. కాన్పయిన ఆరు వారాలకు గ్లూకోజు తాగించి షుగర్ పరీక్ష చేయాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. 42వ రోజు సందర్శన పడేది అప్పుడే. ఆ రోజు గుర్తుచేసి పంపిస్తే చాలు.

పక్కనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీలు పాడై ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో ఈ జిల్లా చూసింది. బీపీ మూత్రపిండాన్ని దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న మూత్రపిండం బీపీని పెంచుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. క్రియాటినిన్ అనే మాట ఇంటింటి మాట అయిన జిల్లాలో, ఇరవై ఏళ్ల తల్లి బీపీని ముందే పట్టుకోవడం కిడ్నీని కాపాడుకోవడం కూడా అవుతుంది.

వంటింట్లో, వసారాలో

ఇంటికొచ్చిన కార్యకర్తకు కనిపించేవి, ఆసుపత్రిలో డాక్టరుకు కనిపించనివి మరికొన్ని ఉన్నాయి. బాలింతకు పాలు పడాలని తీరప్రాంతంలో ఎండుచేపలు పెడతారు, సొరపిట్టు వండుతారు. చేప మంచిదే. ఉప్పులో ఊరిన చేపను బీపీ ఉన్న తల్లికి రోజూ పెట్టడం మంచిది కాదు. పచ్చి చేప దొరికితే అదే వండాలి. ఎండుచేపైతే నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి, కూరలో వేరే ఉప్పు వేయకుండా వండుకోవాలి. చోడి అంబలి, ములగాకు, గుడ్డు, పప్పు పథ్యం పేరుతో దూరం పెట్టాల్సినవి కావు.

నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని బాలింతకు గుటకలు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి దాహం తీరేలా నీళ్లివ్వాలి. 2019-21 జాతీయ సర్వే లెక్కన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా, 53.7 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. నెత్తురు పలచబడిన కొద్దీ గుండె వేగంగా కొట్టుకోవాలి. ఐరన్ మాత్ర కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలని పథకం చెబుతున్నా, కాన్పుతో పాటే మాత్ర మానేసేవాళ్లు ఎక్కువ. ఇంటికొచ్చినప్పుడు అట్ట తీసి చూపించమంటే ఎన్ని మాత్రలు మిగిలాయో తెలిసిపోతుంది.

వసారాలో నాయనమ్మ కూర్చుని ఉంటుంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. నోటి క్యాన్సర్ పరిశోధకులు దీని మీద యాభై ఏళ్ల కిందటే రాశారు. ఆ పొగ పురిటి గదిలోకి వెళ్తే తల్లి గుండెకూ బిడ్డ ఊపిరికీ చేటు. మనవరాలి మీద ప్రేమతోనే ఆమె బయట కూర్చుని తాగేలా ఒప్పించొచ్చు. ఆ మాట డాక్టరు చెప్పేదానికంటే 'అత్తా, పిల్ల ఉన్నన్నాళ్లూ పెరట్లో కాల్చుకోవే' అని ఊళ్లో ఆశా చెబితేనే ఎక్కువగా చెల్లుతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే 108కు ఫోన్ చేయండి

- మాత్రలకు తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, మెరుపులు కనిపించడం
- పొట్ట పైభాగంలో, కుడి పక్కటెముకల కింద విడవని నొప్పి
- వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, రాత్రి ఆయాసంతో లేచి కూర్చోవడం
- కాన్పయ్యాక తగ్గాల్సిన కాళ్ల వాపు పెరగడం, ముఖం ఉబ్బడం
- ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం
- ఫిట్స్, పొంతన లేని మాటలు
- బీపీ 160/110 లేదా ఆపైన

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే 'కాన్పయి ఇన్ని రోజులైంది' అని మొదట చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు ఆలోచన సరైన దారిలో పడుతుంది.

మొదలుపెట్టాల్సింది ఇక్కడినుంచే

రాష్ట్రమంతా ఒక్కసారి మార్చనక్కర్లేదు. పాతపట్నం లాంటి ఒక్క మండలంలో మొదలుపెట్టినా చాలు. మూడో రోజు, ఏడో రోజు సందర్శనలకు ఆశాతో పాటు ఏఎన్‌ఎం గానీ ఎంఎల్‌హెచ్‌పీ గానీ బీపీ యంత్రంతో వెళ్లాలి. గర్భిణుల్లో సరిగ్గా పనిచేస్తుందని పరీక్షించిన యంత్రాన్నే కొనాలి. గర్భంలో బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్న తల్లుల జాబితా కాన్పు గదిలోనే తయారై ఊరి కార్యకర్తకు చేరాలి. మూడో నెల, ఏడాది సందర్శనల్లో బిడ్డ బరువుతో పాటు తల్లి బీపీ రాయాలి. అనుమానం వచ్చిన తల్లికి శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ విశాఖ కేజీహెచ్‌లోగానీ ఎకో పరీక్ష జరిగేలా ముందే మాట్లాడి పెట్టాలి. గుండె శస్త్రచికిత్స అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ ఉందని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఒకసారి ఈ జబ్బుల బారిన పడిన తల్లి మళ్లీ గర్భం దాల్చేముందు డాక్టరును కలిసేలా చూడాలి. గుర్రపువాతం వచ్చిన తల్లికి తర్వాతి గర్భంలో మూడో నెల నిండగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ఆ ముప్పు తగ్గుతుంది. గుండె కండరం బలహీనపడిన తల్లికైతే మరో కాన్పే ప్రమాదం కావచ్చు.

ఈ పనంతా ఆశా నెత్తిన మోపి చేతులు దులుపుకుంటే కుదరదు. నెలకు పది వేల గౌరవ వేతనంతో ఆమె ఇప్పటికే సర్వేలూ, యాప్‌లూ, టీకాలూ మోస్తోంది. కొత్త పనికి తర్ఫీదు, దానికి తగ్గ ప్రతిఫలం ఇవ్వాలి. ఫోన్ చేస్తే పలికే డాక్టరు నంబరు ఆమె చేతిలో ఉండాలి. ఆమె పంపిన తల్లిని ఆసుపత్రిలో వెనక్కి పంపకూడదు. అప్పుడే ఊళ్లో ఆమె మాటకు విలువ.

ఇళ్లలోవాళ్లు ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు. మీ ఇంట్లో బాలింత ఉంటే, ఆరోగ్య కార్యకర్త ఈసారి వచ్చినప్పుడు బీపీ చూడమని అడగండి. యంత్రం లేదంటే గ్రామ ఆరోగ్య కేంద్రం నుంచి తెప్పించమనండి, లేదా ఆటోలో అక్కడికి తీసుకెళ్లండి. తల్లి ఆయాసమంటే కొట్టిపారేయకండి. భర్తలూ, ఈ బాధ్యత ఆడవాళ్లదని తప్పుకోకండి. కార్డు మీద ఏం రాశారో చదవండి, మందుల చీటీ మీ జేబులో పెట్టుకోండి. అత్తలూ, అమ్మలూ, ఎన్నో కాన్పులు చూసిన మీ కళ్లకు ఈ కొత్త గుర్తులు కూడా నేర్పించండి. బిడ్డకు పాలివ్వడానికి, బడికి పంపడానికి, పెళ్లి చేయడానికి ఆ తల్లి ఉండాలి. బిడ్డను కాపాడుకోవడం నేర్చుకున్న మన పల్లెలు తల్లిని కాపాడుకోవడమూ నేర్చుకోగలవు.